పీజీ వైద్యులకు వృత్తి నైతికత: వార్డులోనే నేర్పడం, వార్డులోనే గమనించడం

జాతీయ వైద్య కమిషన్ 2023లో తెచ్చిన పీజీ నిబంధనల ప్రకారం, నైతికత కోర్సు పూర్తిచేసినట్టు ధ్రువపత్రం లేని విద్యార్థి తుది పరీక్షకు కూర్చోలేడు. విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలలకూ ఇది వర్తిస్తుంది. ధ్రువపత్రమే లక్ష్యమైతే రెండు పూటల ఉపన్యాసాలతో పని ముగించవచ్చు గాని, అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఒంటరిగా నిలబడిన మొదటి సంవత్సరం పీజీకి ఆ ఉపన్యాసాలు గుర్తుకు రావు. కాబట్టి ఈ సూచనలు విభాగాధిపతులను, యూనిట్ చీఫ్‌లను ఉద్దేశించి రాసినవి.

మొదటి నెలను పూర్తిగా సమ్మతి పత్రానికి, అంటే చికిత్సకు రోగి ఒప్పుకుంటూ సంతకం చేసే పత్రానికి కేటాయించండి. ఆపరేషన్‌కు ముందు పీజీ రోగితో మాట్లాడుతున్నప్పుడు ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ పక్కనే ఉండాలి, మధ్యలో కల్పించుకోకూడదు. పీజీ చెప్పడం ముగిశాక ఆయన రోగిని, ‘డాక్టరు గారు ఏం చేస్తామన్నారమ్మా?’ అని అడగాలి. రోగి తన మాటల్లో చెప్పలేకపోతే, వేలిముద్ర పడినా సమ్మతి రానట్టే లెక్క. పీజీ మళ్లీ వివరించాలి. ఇలాంటి పది సంభాషణలైనా లాగ్‌బుక్‌లో నమోదయ్యాకే పీజీకి ఒంటరిగా సమ్మతి తీసుకునే బాధ్యత అప్పగించడం మంచిది.

మన వార్డుల్లో భర్త సంతకమో, కొడుకు సంతకమో ఉంటే చాలుననే అలవాటు బలంగా పాతుకుపోయింది. దాన్ని వదిలించడానికి సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన తీర్పును పీజీల చేత చదివించి చర్చించండి. పరీక్ష కోసం లాప్రోస్కోపీకి (చిన్న రంధ్రం గుండా కెమెరాతో కడుపు లోపల చూడటానికి) మాత్రమే ఒప్పుకున్న 44 ఏళ్ల మహిళకు, ఆమె మత్తులో ఉండగా తల్లి అనుమతి తీసుకుని గర్భాశయాన్ని, అండాశయాలను తొలగించారు. రోగి వయోజనురాలు, తెలివి వచ్చాక తానే నిర్ణయించుకోగలదు, ప్రాణాపాయమూ లేదు గనుక తల్లి సమ్మతి చెల్లదని కోర్టు తేల్చింది.

కేస్ షీట్ విషయంలో నియమం సులువే, పాటించడమే కష్టం. తప్పు రాస్తే ఒకే గీతతో కొట్టివేసి, తేదీ, సమయం వేసి సంతకం చేయాలి. ఆలస్యంగా రాసినదాన్ని ఆలస్యంగా రాసినట్టే చూపాలి, పాత సమయం వేయకూడదు. రోగి తరఫున ఎవరైనా రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనలు చెబుతున్నాయి. ఎక్స్‌రే ఫొటోలు, గాయాల ఫొటోలు యూనిట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు రోగి పేరు, ముఖం కనిపించకుండా చూడాలన్న సంగతి పీజీలకు తెలుసు. అవి కనిపించేలా పెట్టే అలవాటును ముందుగా మానుకోవలసినది ప్రొఫెసర్లే. ఇక థీసిస్ విషయానికొస్తే, సంస్థాగత నైతిక కమిటీ (పరిశోధన నైతికంగా ఉందో లేదో పరిశీలించే కళాశాల కమిటీ) ఆమోదం రాకముందు ఒక్క రోగి వివరాలు కూడా సేకరించనివ్వకండి.

పర్యవేక్షణలో అసలు చిక్కు వేరే ఉంది. తప్పు జరిగినట్టు పీజీ ఎవరికి చెప్పాలో ఆ యూనిట్ చీఫే థీసిస్ మీద సంతకం పెట్టేవారు కూడా అయితే, ఎవరూ నోరు విప్పరు. అందుకే ప్రతి పీజీకి తన విభాగంతో సంబంధం లేని ఒక అధ్యాపకుణ్ని సలహాదారుగా నియమించి, మూడు నెలలకొకసారి వారిద్దరూ విడిగా కలుసుకునే ఏర్పాటు చేయాలి. రాత్రి సీనియర్‌కు ఫోన్ చేసినందుకు మర్నాడు రౌండ్స్‌లో పీజీ చివాట్లు తింటే, రెండోసారి ఫోన్ రాదు. ఆ నష్టం భరించేది రోగి. ఫోన్ చేసిన సమయం, వచ్చిన జవాబు కేస్ షీట్‌లో రాయించడం ఇద్దరికీ రక్షణ.

పొరపాటుపై సమీక్ష జరిపేటప్పుడు కేస్ షీట్‌తో పాటు ఆ వారం డ్యూటీ రోస్టర్‌ను కూడా బల్ల మీద పెట్టండి. సాధారణంగా వారానికి 48 గంటలు, ఏకధాటిగా 12 గంటలు మించకూడదని రెసిడెంట్ వైద్యుల (శిక్షణలో ఉంటూ ఆసుపత్రిలో పనిచేసే వైద్యుల) కోసం తెచ్చిన కేంద్ర ప్రభుత్వ రెసిడెన్సీ పథకం 1992లోనే చెప్పింది. 2023 నిబంధనలు వారానికో సెలవు ఇవ్వమన్నాయి. మందు మోతాదు తప్పు రాసిన పీజీ అప్పటికి 30 గంటలుగా నిద్ర లేకుండా డ్యూటీలో ఉన్నాడని రోస్టర్‌లో తేలితే, సంజాయిషీ మొదట రోస్టర్ వేసినవారి నుంచి తీసుకోవాలి.