పార్కా సైజు చివరికి ఎలా కుదిరిందంటే

అమెరికా సైన్యం వాడిన ఎం-51 ఫిష్‌టెయిల్ పార్కా, అంటే తలకప్పు ఉన్న పొడవాటి చలికోటు, నాకు ప్రాణం. వెనక అంచు చేప తోకలా చీలి ఉంటుంది. చలిగాలి దూరకుండా ఆ కొసలను తాళ్లతో తొడలకు కట్టుకోవచ్చు. మామూలుగా మీడియం వేసుకుంటాను కదా అని పాత పార్కా కూడా మీడియమే తెప్పించాను. భుజాలు జారిపోయాయి, చేతులు వేళ్లను మింగేశాయి. ఉసూరుమనిపించింది.

తప్పు కోటుది కాదు. యూనిఫామ్, దాని మీద జాకెట్, ఆ పైన తొడుక్కోవడానికే దాన్ని అంత వదులుగా కుట్టారు.

ఈసారి నాకు బాగా కుదిరిన కోటును నేల మీద పరిచి, చంక నుంచి చంకకు, భుజం నుంచి భుజానికి టేపుతో కొలిచాను. లోపల స్వెటర్ పడుతుంది కాబట్టి చంకల మధ్య కొలతకు రెండంగుళాలు కలిపాను. అమ్మే ఆయన్ని సైజు అడగలేదు, ఈ కొలతలే అడిగాను. లైనర్ (లోపల తగిలించే వెచ్చని పొర) తగిలించి కొలిచారా, తీసేసి కొలిచారా అన్నది కూడా తప్పకుండా అడగాలి. చివరికి స్మాల్ సరిపోయింది! నడుము దగ్గరి తాడు బిగిస్తే ఒంటికి చక్కగా అమరింది.

కొత్తగా కుట్టే నకళ్లకూ ఇదే పద్ధతి. కొన్ని పాత కొలతల్లో, కొన్ని ఇప్పటి సైజుల్లో వస్తాయి.