రోజుకి 20 నిమిషాలు పరుగెత్తిన తాతయ్య జనతా వాచీ

తాతయ్య పోయాక ఆయన వాచీ నాకొచ్చింది. డయల్ మీద హెచ్‌ఎంటీ జనతా, 17 జ్యువెల్స్ (లోపలి భాగాలు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు) అని ఉంది. బ్యాటరీ లేకుండా రోజూ కీ ఇచ్చే రకం అది. జపాన్ వాచీల కంపెనీ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన కంపెనీ హెచ్‌ఎంటీ. కానీ నాకొచ్చిన వాచీ రోజుకి 20 నిమిషాలు ముందుకెళ్లేది. ఒక షాపులో లోపలి మిషన్ మొత్తం మార్చాలన్నారు. మనసొప్పలేదు, తాతయ్య చేతి మీద తిరిగింది ఆ మిషనే కదా. ఇంట్లో దిక్సూచి పక్కన పెడితే ముల్లు గిర్రున తిరిగింది! అయస్కాంతం పట్టేసింది, అలా పడితే హెయిర్‌స్ప్రింగ్ (వాచీ వేగాన్ని అదుపులో ఉంచే సన్నటి స్ప్రింగ్) చుట్లు అతుక్కుని వాచీ పరుగెడుతుంది. రాత్రుళ్లు స్పీకర్ పక్కన పెట్టింది నేనే. మరో మెకానిక్ అయస్కాంతాన్ని పోగొట్టే డీమాగ్నెటైజర్ మీద పెట్టి క్షణాల్లో సరిచేసి, శుభ్రం చేసి ఆయిల్ వేశాడు. ఇప్పుడు తేడా నిమిషంలోపే. పొద్దున్నే కీ ఇస్తాను, బిగువు తగలగానే ఆపేస్తాను. పసుపెక్కిన డయల్‌ని మాత్రం ముట్టుకోనివ్వలేదు.