మసకబారిన హెడ్‌లైట్లు – రెండో పాఠం: వాటర్ పేపర్ పని

పోయిన పాఠంలో దీపాన్ని కడిగి, మసక లోపల ఉందా, బయట ఉందా అని తేల్చుకున్నాం. లోపల ఆవిరి చుక్కలు కనిపించినవారికి ఈ పాఠంతో పని లేదు. వారి దీపానికి సీలు పోయింది. బయటివైపు పసుపెక్కి, వేలికి గరుకుగా తగిలినవారు బకెట్టు తెచ్చుకోండి.

ఇంతకీ మనం గీకి తీసేది దేన్ని? అంబాసిడర్ దీపానికి గాజు ఉండేది, దానికి ఈ బాధ లేదు. ఇప్పటి దీపాలది పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. రాయి తగిలితే గాజులా పగలదు గానీ, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఓర్చుకోలేదు. అందుకే తయారీలోనే దానిపై పలచని రక్షణ పూత వేస్తారు. హనుమకొండలో మే నెలంతా నీడ లేని వీధిలో నిలిచిన కారుకు ఆ పూత ఎన్నేళ్లు ఆగుతుంది? ఎండ నేరుగా పడే పైభాగంలో ముందు చెడుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే కొన్నాళ్లు మెరుస్తుంది. చచ్చిన పూత మాత్రం అక్కడే ఉంటుంది.

కావలసినవి: 600, 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్లు (నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితాలు), స్పాంజి ముక్క, మాస్కింగ్ టేపు, నీళ్లలో రెండు చుక్కల షాంపూ. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. పూత పొరలు పొరలుగా లేచిపోయి ఉంటే 400తో మొదలుపెట్టండి. కాగితాలు పది నిమిషాలు నాననివ్వండి. దీపం చుట్టూ ఉన్న రంగు మీద టేపు రెండు వరుసలు వేయండి. కాగితం అంచు ఒక్కసారి జారితే బంపరు రంగు పోతుంది.

ఎండాకాలమైతే ఉదయం ఎనిమిదిలోపు, నీడలో చేయండి. పొద్దెక్కితే నీళ్లు చల్లిన చోటే ఆరిపోతాయి. ఆరిన కాగితం లోతైన గీతలు పెడుతుంది.

600 కాగితాన్ని స్పాంజికి చుట్టి అడ్డంగా, ఆ చివరి నుంచి ఈ చివరికి రుద్దండి. బలం వద్దు, నీళ్లు కావాలి. మొదట పసుపుపచ్చని పాలు కారతాయి. పచ్చదనం పోయి తెల్లగా కారేదాకా ఆపకండి. అప్పుడు దీపం మునుపటికంటే అధ్వానంగా, సున్నం కొట్టినట్టు కనిపిస్తుంది. చాలామంది గుండె జారి ఆపేసేది ఇక్కడే. సరైన దారిలోనే ఉన్నారు.

ఇక అసలు విద్య. దీపాన్నీ స్పాంజినీ కడిగి, బకెట్టులో నీళ్లు మార్చండి. 600 రేణువు ఒక్కటి మిగిలినా చాలు, చేసిందంతా పాడు. 1000 కాగితాన్ని ఈసారి నిలువుగా రుద్దండి. దిశ ఎందుకు మార్చాలంటే, పాత గీతలు అడ్డంగా ఉంటాయి కనుక వాటిలో ఏది మిగిలినా ఇట్టే దొరుకుతుంది. తుడిచి, ఆరనిచ్చి, పక్క నుంచి వెలుతురు పడేలా చూడండి. అడ్డగీత ఒక్కటి కనిపించినా 1500 ముట్టుకోవద్దు. తరువాత 1500 అడ్డంగా, 2000 నిలువుగా.

నేను మొదటిసారి తొందరపడి 600 నుంచి నేరుగా 2000కు దూకాను. పగలు చూస్తే గీతలేమీ కనిపించలేదు. రాత్రి ములుగు రోడ్డు మీద లైటు వేస్తే వెలుతురు ముందుకు పడకుండా గీతల్లో చెదిరి, దీపం చుట్టూ తెల్లటి పొగలా నిలిచింది. మర్నాడు మళ్లీ 600 దగ్గరి నుంచే మొదలుపెట్టవలసి వచ్చింది.

2000 అయ్యాక దీపం ఆరితే అంతటా ఒకేలా పాలగాజులా ఉండాలి. నీళ్లు చల్లితే లోపలి బల్బు స్పష్టంగా కనిపించాలి. తడిలోనూ గీతలు తేలితే ఒక నంబరు వెనక్కి వెళ్లండి.

ఇంటిపని: పాత సామాన్ల కొట్టులో పనికిరాని హెడ్‌లైటు ఒకటి కొని, సగానికి టేపు వేసి, మిగిలిన సగం మీద నాలుగు నంబర్లూ చేయండి. సొంత కారు జోలికి ఇప్పుడే వెళ్లకండి. పాత పూత పోయిన ప్లాస్టిక్ ఎండకు నగ్నంగా నిలబడుతుంది, కొత్త పూత లేకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. ఆ పూత వేయడం మూడో పాఠం.