ఎమ్మారై ఫిల్ము చదవడం – 4వ పాఠం: చిన్నదా, చిక్కిందా?

పోయిన పాఠంలో "మీ ఫిల్ము, ఇంట్లో పెద్దవాళ్ల ఫిల్ము పక్కపక్కన పెట్టి చూడండి" అని రాసి తప్పు చేశాను. బొబ్బిలి నుంచి ఒకాయన రాత్రి పదింటికి ఫోన్ చేశారు. "మాస్టారూ, మా అమ్మ మెదడు నా దానికన్నా చిన్నగా ఉంది. కరిగిపోతున్నట్టేనా?" గొంతులో టెన్షన్. ఆవిడేమో ఇప్పటికీ చీటీల లెక్క నోటితో కట్టేస్తారట! ఇంకో ఇద్దరూ ఇలాగే కంగారుపడ్డారు. అందుకే హిప్పోకాంపస్ (మెదడులో జ్ఞాపకాలకి సాయపడే భాగం) పాఠాన్ని వెనక్కి జరిపాను.

ఎమ్మారైలో తీసే టీ1, టీ2 అనే రెండు రకాల బొమ్మల తేడా మళ్లీ చెప్పను. టీ1లో నీరు నలుపు, అంతే.

చిన్నగా ఉండటం వేరు, చిక్కిపోవడం వేరు. పలాసలో జీడిపప్పు కొన్నవాళ్లకి ఇది తెలుసు. 180 నంబరు పప్పు పౌనుకి (దాదాపు అరకిలోకి) 180 గింజల దాకా తూగుతుంది, 320 నంబరుది 320 దాకా. 320 అంటే ఎండి చిక్కిన 180 కాదు, దాని పుట్టుకే అంత. కానీ వేడిలో ఆరబెడితే ఏ నంబరు పప్పైనా కాస్త ముడుచుకుంటుంది, పొట్టుకీ పప్పుకీ మధ్య సందు పడుతుంది. ఫిల్ములో వెతకాల్సింది ఆ సందునే. మెదడు తగ్గిన చోటుని నీరు ఆక్రమిస్తుంది: మడతల మధ్య సందులు వెడల్పవుతాయి, నడుమ సీతాకోకచిలుకలా కనబడే నీటి గదులు పెద్దవవుతాయి. నలభై దాటాక ఇది కొద్దికొద్దిగా అందరికీ జరిగేదే. నుదుటి వెనక భాగం ఎక్కువ తగ్గుతుంది, చూపుని చూసుకునే వెనక భాగం తక్కువ.

సైజు సంగతంటారా, తుర్గెనేవ్ మెదడు రెండు కిలోలు, అనతోల్ ఫ్రాన్స్‌ది కిలో మీద కొంచెం. ఇద్దరూ గొప్ప రచయితలే. అచ్చుగుద్దినట్టుండే కవలలకైనా మడతలు ఒకేలా ఉండవు.

నేనైతే రిపోర్టు ముందు చదవను. అందులో 'అట్రోఫీ' (చిక్కిపోవడం) అన్న మాట కంటపడితే ఇక ఫిల్మంతా అలాగే కనిపిస్తుంది.

అభ్యాసం: నీటి గదులకి నుదుటివైపు ఉండే కొమ్ములు బాగా విచ్చుకున్న అడ్డుకోత బొమ్మ తీసుకోండి. కొమ్ముల చివర నుంచి చివరకి స్కేలుతో కొలిచి, అదే బొమ్మలో పుర్రె లోపలి గరిష్ఠ వెడల్పుతో భాగించండి. 1942లో ఇవాన్స్ చెప్పిన కొలత ఇది. 0.3 దాటితే గదులు పెద్దవని లెక్క, కాకపోతే డెబ్బై దాటినవాళ్లలో ఆరోగ్యంగా ఉన్నా కొందరికి దాటుతుంది. నిష్పత్తి కాబట్టి తల సైజుతో పేచీ లేదు. అయిదు ఫిల్ములు, ఒక్కోటి మూడు వేర్వేరు రోజుల్లో, పాత అంకె చూడకుండా కొలవండి.

బొబ్బిలి ఆయన నిన్న కొలిచి చెప్పారు. అమ్మగారివి 16, 60 మిల్లీమీటర్లు. ఆయనవి 17, 65. భాగహారం మీరే చేసుకోండి.