బెంటన్‌విల్‌కి వచ్చారుగా, ఇక సైకిలెక్కండి

వాల్‌మార్ట్ ప్రాజెక్టు మీద అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ వచ్చే మనవాళ్ళు మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇక్కడ వీకెండ్ ఏం చేస్తారండీ?" బీచ్ లేదు, చుట్టుపక్కల పెద్ద సిటీ లేదు. అడవిలో సైకిల్ దారులు మాత్రం బోలెడున్నాయి. 2007లో ఊళ్ళోనే స్లాటర్ పెన్ అనే అడవిలో ఐదు మైళ్ళతో మొదలై, వాల్‌మార్ట్ పెట్టిన వాల్టన్ కుటుంబం డబ్బుతో చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో కలిపి ఇప్పుడు వందల మైళ్ళయ్యాయి. టికెట్ లేదు, ఎవరైనా తొక్కొచ్చు. ఇంత సదుపాయం ఇంటి పక్కనే పెట్టుకుని శనివారమంతా కాస్ట్‌కో స్టోర్లో గడిపేవాళ్ళని చూస్తే నాకు మనసొప్పదు.

నేను చిన్నప్పుడు తెనాలిలో ట్యూషన్‌కి లేడీబర్డ్ తొక్కినదాన్నే తప్ప ఆటలమ్మాయిని కాదు. ఇప్పుడు మా ఆయన, ఇద్దరు పిల్లలు, స్నేహితుల కుటుంబాలు రెండు, అందరం కలిసే వెళ్తాం. కాబట్టి ఇది సాహసికులకి కాదు, మనలాంటివాళ్ళకి.

ముందు సైకిల్ కొనకండి. డౌన్‌టౌన్‌లోని సైకిల్ షాపుల్లో అద్దెకిస్తారు. రెండుమూడు సార్లు అలా తొక్కితే మీకేం కావాలో మీకే తెలుస్తుంది. మా గ్రూపులో అన్నయ్యలు ఎక్సెల్ షీటు వేసి నెలల తరబడి మోడళ్ళు పోల్చుకుంటారు, ఈలోగా సీజన్ అయిపోతుంది. మొదటి సైకిల్‌గా, ముందు చక్రం ఫోర్కులో మాత్రమే సస్పెన్షన్ ఉండే హార్డ్‌టెయిల్ చాలు. మూడు విషయాలు చూడండి: హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, లావు టైర్లు, వీలైతే డ్రాపర్ పోస్ట్. డ్రాపర్ అంటే హ్యాండిల్ మీద మీట నొక్కి, సీటు మీద బరువు వేస్తే అది కిందికి దిగిపోతుంది. దిగుడులో సీటు అడ్డం రాదు, భయం సగం తగ్గుతుంది. సెకండ్‌హ్యాండ్ సైకిల్ పర్వాలేదు కానీ హెల్మెట్ కొత్తదే కొనండి.

పిల్లల విషయంలో మన పాత అలవాటు ఒకటి మానుకోవాలి. ఎదిగే పిల్లలు కదా అని రెండు సైజులు పెద్దది కొనడం గౌన్లకి సరిపోతుంది, సైకిల్‌కి కాదు. సీటు మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనాలి. బ్రేకు లివరు వాళ్ళ చిన్న వేళ్ళకి అందాలి. చాలా లివర్లకి చిన్న స్క్రూ ఉంటుంది, అది తిప్పితే లివరు హ్యాండిల్‌కి దగ్గరవుతుంది. మా పాప బ్రేకంటే భయపడుతోందని అనుకున్నాం, నిజానికి వేలు అందక. షాపతను నిమిషంలో సరిచేశాడు.

గాలి గట్టిగా కొట్టించడం కూడా మనకి అలవాటే. ఇక్కడి రాళ్ళ మీద అలా వెళ్తే సైకిల్ బంతిలా ఎగురుతుంది. అరవై అయిదు, డెబ్బై కిలోల మనిషికి ట్యూబున్న లావు టైరులో 28 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క పీఎస్ఐ చొప్పున మార్చి చూసుకోండి.

అడవిలోకి వెళ్ళేముందు ఇంటిముందు డ్రైవ్‌వేలో నిలబడటం నేర్చుకోండి. అవును, నిలబడటమే. దిగుడులో సీటు మీద కూర్చోకూడదు. రెండు పెడల్సూ ఒకే ఎత్తులో, నేలకి సమాంతరంగా ఉండాలి. ఒకటి కిందికుంటే అదే రాయికి తగులుతుంది. మోకాళ్ళు, మోచేతులు వంగి ఉండాలి, నడుము కొంచెం వెనక్కి. బ్రేకుల మీద చెరో చూపుడువేలు, మిగతా వేళ్ళు హ్యాండిల్ మీద. ముందు చక్రం బ్రేకు ముట్టుకోవద్దని చిన్నప్పుడు మనకి చెప్పారు కానీ ఎక్కువగా ఆపేది అదే. ఠక్కున పట్టకుండా మెల్లగా పిండాలి. ఎత్తు రాకముందే గేరు తగ్గించాలి, మధ్యలో మారిస్తే చెయిన్ కరకరమంటుంది. ఇదంతా మొగుడి దగ్గర నేర్చుకోవద్దు. కారు అలా నేర్చుకున్నవాళ్ళకి కారణం చెప్పక్కర్లేదు.

మొదట కోలర్ అనే సైకిల్ దారుల అడవికి వెళ్ళండి. బోర్డు మీద పచ్చ గుండ్రం ఉంటే సులువు, నీలం చతురస్రం మధ్యరకం, నల్ల డైమండ్ కష్టం. హబ్ అనే ఎత్తు మీంచి దారులు నాలుగు వైపులా దిగుతాయి. 'డ్రాప్ ది హ్యామర్' అన్న పేరు కనబడితే పక్కకి తప్పుకోండి, అది గాల్లోకి ఎగిరే కుర్రాళ్ళది. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారికీ మావయ్యగారికీ అక్కడే సిమెంటు బాట ఉంది. నడుచుకుంటూ పోతే అడవి మధ్యలో కాఫీ షాపు వస్తుంది, దాని దగ్గరికి కార్లు రావు. మా మావయ్యగారు వచ్చిన ప్రతిసారీ అక్కడ కూర్చుని, వచ్చేపోయే సైకిళ్ళ ధరలు అడుగుతూంటారు.

గుంపుగా వెళ్తే బాగా తొక్కేవాళ్ళలో ఒకరు ముందు, ఒకరు అందరికన్నా వెనక. దారి చీలే ప్రతిచోటా ఆగాలి. ముందువాళ్ళు హాయిగా కూర్చుని, చివరివాళ్ళు రొప్పుతూ వచ్చీరాగానే "పదండి పదండి" అంటారు. మరి వాళ్ళకి ఊపిరి తీసుకునే టైమేది? వాళ్ళు నీళ్ళు తాగి, సరే అన్నాకే కదలాలి. నడిచేవాళ్ళకి దారివ్వండి. ఎదురుగా ఎక్కివచ్చేవాళ్ళుంటే దిగేవాళ్ళే ఆగాలి.

జూలైలో పొద్దున్న ఏడింటికల్లా దారి మీద ఉండాలి, తర్వాత ఉక్క. నవంబరులో రాలిన ఆకుల కింద రాళ్ళూ వేళ్ళూ కనబడవు, వేగం తగ్గించండి. వాన పడి టైరుకి బురద అంటుకుంటుంటే వెనక్కి రండి, దారి పాడవుతుంది.

పిడుదుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. స్లాటర్ పెన్‌లో ఒక ట్రెయిల్‌కి 'సీడ్ టిక్ షఫుల్' అని పిల్ల పిడుదుల పేరే పెట్టారు. లోన్ స్టార్ రకం కుడితే కొందరికి ఆల్ఫా-గాల్ అనే ఎలర్జీ వస్తుంది: మటన్ తిన్న కొన్ని గంటలకి దద్దుర్లు, వాంతులు, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. కోడికూరకి, చేపలకి ఇబ్బంది లేదు. పొడుగు సాక్సులు వేసుకుని, పురుగులు రాకుండా స్ప్రే కొట్టుకోండి. ఇంటికి రాగానే స్నానం చేసి పిల్లల చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ళ వెనక వెతకండి. కనబడితే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. కిరోసిన్, అగ్గిపుల్ల వద్దు.