పాత బోటు కొంటున్నారా? ఇంజన్ చప్పుడుకు మురిసిపోకండి, నీటి జాడ చూడండి

రోహిణి కార్తె వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. వానలు పడేలోగా ఒక పాత బోటు కొనాలని, ఇంజన్ ఎలా ఉందో వచ్చి చూడమని అడుగుతారు. కొందరు సింగూరులో చేపలు పట్టేవాళ్లు, కొందరు 2020 అక్టోబరు వరదలో హైదరాబాద్ టోలిచౌకి నదీం కాలనీ ఇళ్ల మధ్య పడవలు తిరగడం కళ్లారా చూసినవాళ్లు. దాదాపు అందరూ చెప్పే మాట ఒకటే: "ఒక్క లాగుడుకే స్టార్ట్ అయిందండీ, చప్పుడు కూడా బాగుంది." ఆ మాట వింటేనే నాకు భయం వేస్తుంది.

ఆ వరదలో మేమూ ఒక పాత బోటు తెచ్చాం. చప్పుడు విని కొన్నదే. ఒక ముసలావిడ, ఇద్దరు పిల్లలు అందులో ఉండగా ఇంజన్ వీధి మధ్యలో ఆగిపోయింది. నడుం లోతు నీళ్లలో దిగి తాడుతో లాక్కుంటూ ఒడ్డుకు చేర్చాం. తరువాత విప్పి చూస్తే నీళ్లు లాగే జల్లెడకు పాలిథీన్ కవరు అతుక్కుని ఉంది. అది ఆనాటి తప్పు. కానీ లోపల ఇంపెల్లర్ (నీళ్లు లాగి ఇంజన్‌లోకి తోసే రబ్బరు చక్రం) రెక్కలు రెండు ఎప్పుడో విరిగిపోయి ఉన్నాయి. అది కొన్ననాటి తప్పు.

పడవ వెనుక తగిలించే ఈ ఇంజన్‌కు కారులో ఉన్నట్లు రేడియేటర్ ఉండదు. ఏ చెరువులో తిరిగితే ఆ చెరువు నీళ్లే లోపలికి లాక్కుని చల్లబడుతుంది. అందుకే పాత ఇంజన్‌ను చూడటమంటే నాకు మూడు సంగతులు తేల్చుకోవడమే: నీళ్లు రావలసిన చోట వస్తున్నాయా, రాకూడని చోటికి చేరాయా, ఇంజన్ ఎప్పుడైనా మొత్తంగా మునిగిందా.

వెళ్లే ముందు రోజే అమ్మేవారికి ఫోను చేసి, "మేము వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే పైమూత తీసి సిలిండర్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే బేరం ఆపి, పూర్తిగా చల్లారాకే మళ్లీ చూడండి. వేడి ఇంజన్ ఎవరికైనా స్టార్ట్ అవుతుంది, జబ్బంతా చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. "రెండు సెకన్లే కదా" అని నీళ్లు లేకుండా స్టార్ట్ చేసి చూపిస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఇంపెల్లర్ రబ్బరుది, తడి లేకుండా తిరిగితే సెకన్లలోనే కాలడం మొదలవుతుంది. పెద్ద డ్రమ్ములో ఇంజన్ కాలు, అంటే నీటిలో మునిగే కింది భాగం, దించి, నీళ్లు లాగే రంధ్రాలు బాగా మునిగాకే స్టార్ట్ చేయాలి.

స్టార్ట్ కాగానే వెనుక సన్నని ధార ఎడతెగకుండా రావాలి. చేయి పెట్టి చూడండి: గోరువెచ్చగా ఉంటే మంచిదే, పొగలు కక్కుతుంటే వెంటనే ఆపించండి. ధార సన్నగా, ఆగి ఆగి వస్తుంటే ముందు సన్నని తీగతో ఆ రంధ్రం పొడవండి. ఎండలో పడి ఉన్న ఇంజన్లలో కందిరీగలు మట్టిగూడు కట్టుకుంటాయి. అప్పటికీ మారకపోతే ఇంపెల్లర్ పోయి ఉండాలి, లేదా నీటి దారుల్లో ఉప్పు పేరుకుని ఉండాలి. కాకినాడ, మచిలీపట్నం వైపు నుంచి వచ్చిన ఇంజన్ అయితే ఉప్పు సంగతి గట్టిగా అడగండి. ఇంపెల్లర్ చవకగా మారుతుంది, ఉప్పు తిన్న అల్యూమినియం తిరిగి రాదు. సిలిండర్ తల మీద పెయింటు బుడగలు లేచి ఉంటే అది ఎప్పుడో బాగా కాగిందని అర్థం.

అన్నింటికంటే నేను నమ్మేది గేర్ ఆయిల్‌ను. ఇంజన్ రాత్రంతా నిలబడి ఉండాలి, స్టార్ట్ చేయకముందే ఇది చూడాలి. ఇంజన్ కింద తెల్లటి స్టీలు పళ్లెం పెట్టి, గేర్ల పెట్టె అడుగు స్క్రూను మెల్లగా వదులు చేస్తాను. నూనె కంటే నీరు బరువు కాబట్టి లోపల నీళ్లుంటే మొదటి చుక్కల్లోనే దిగుతాయి. నూనె తేనెలా చిక్కగా, నిగనిగలాడుతూ జారితే ఊపిరి పీల్చుకుంటాను. పాలు ఎక్కువైన చాయ్ రంగులో వస్తే నీళ్లు చొరబడకుండా ఆపే సీలు పోయి నీళ్లు నూనెలో కలిసినట్లే. ప్రొపెల్లర్ ఇరుసుకు చేపల వల దారం చుట్టుకుని సీలును కోసేయడం మామూలు, ప్రొపెల్లర్ విప్పి చూస్తే తెలుస్తుంది. స్క్రూ కొనకు బూడిద రంగు మెత్తని పేస్టు అంటుకుంటే భయం లేదు. తళతళలాడే ఇనుప ముక్కలు కనిపిస్తే గేరు పళ్లు రాలుతున్నట్లే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మునిగిన ఇంజన్‌ను కడిగి, రంగు వేసి అమ్మడం కొత్త కాదు. బయట ఎంత మెరిసినా వైర్ల కనెక్టర్లు విప్పి చూడండి. లోపల ఆకుపచ్చ చిలుము, ఫ్లైవీల్ (ఇంజన్ పైన తిరిగే బరువైన చక్రం) కింద ఎండిన ఒండ్రు, బోల్టుల సందుల్లో తెల్లని పొడి కనిపిస్తే అది మునిగి లేచిన ఇంజనే. అంత పాత ఇంజన్‌కు నిన్న మొన్న రంగు ఎందుకు వేయవలసి వచ్చిందో మొహమాటపడకుండా అడగండి.

కంప్రెషన్ గేజీ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే పరికరం) ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. సిలిండర్ల మధ్య ఒత్తిడి తేడా 10 శాతం దాటకూడదు. స్పార్క్ ప్లగ్ లేత గోధుమ రంగులో ఉంటే మేలు. మిగతావన్నీ నల్లబడి ఒక్కటి మాత్రం కడిగినట్లు శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు పోతున్నాయేమోనని అనుమానించండి. ఇంజన్ కాలును చేత్తో పైకి ఎత్తుతూ, ఇంజన్ బిగించిన పడవ వెనుక పలకను చూడండి. పలక కదిలితే చెక్క లోపల కుళ్లినట్లే, ఎంత మంచి ఇంజన్ అయినా దాని మీద నిలవదు.

బ్రాకెట్ మీది సీరియల్ నంబరు కాగితాల్లోని నంబరుతో కలవాలి. ఆ నంబరు గీకేసి ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు. ఇంజన్‌తో నడిచే లోతట్టు జలాల పడవలకు 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ పత్రం అడిగి చూడండి. ఆ మోడల్ నంబరు చెప్పి విడిభాగాల దుకాణంలో ఇంపెల్లర్, సీళ్లు ఉన్నాయో లేవో కూడా బయానా ఇచ్చే ముందే కనుక్కోండి.

కొన్నాక అమ్మినవారి మాట మీద ఏదీ వదిలేయవద్దు. ఇంపెల్లర్, గేర్ ఆయిల్, ప్లగ్గులు కొత్తవి వేయించండి. ట్యాంకులోని పాత పెట్రోలు పారబోయడం కాదు, మెకానిక్‌కు అప్పగించండి. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ తేమను లాక్కుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, కాబట్టి గొట్టాలూ మార్చండి. గుర్రపుడెక్క, కవర్లు నిండిన నీటిలో ధార మీద నుంచి చూపు తిప్పవద్దు. ధార ఆగితే ఇంజన్ ఆపి, కాలు పైకెత్తి జల్లెడ శుభ్రం చేయండి. మొదటిసారి నీటిలోకి దించే రోజు తెడ్లు, లైఫ్ జాకెట్లు వెంట ఉండాలి. ఇంజన్ ఆపే ఎర్ర తాడును మణికట్టుకు తగిలించుకుని, ఒడ్డున ఉండగానే ఒక్కసారి లాగి చూడండి. లాగినా ఇంజన్ ఆగకపోతే ఆ రోజు నీటిలోకి వెళ్లవద్దు.