ఇల్లు చూసుకుంటూ సీఏ ఫైనల్ రాసేవాళ్లకు

రెండు గ్రూపులూ ఒకేసారి నెత్తికెత్తుకోకండి. ఒక గ్రూపు, అంటే మూడు పేపర్లు చాలు. పాస్ కావాలంటే పేపర్‌కి 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. ఏ పేపర్లోనైనా 60 వస్తే, గ్రూపు పోయినా దానికి తర్వాతి 3 అటెంప్ట్‌ల వరకు ఎగ్జెంప్షన్ ఉంటుంది, అంటే ఆ పేపర్ మళ్లీ రాయక్కర్లేదు. అందుకే పట్టున్న పేపర్‌ని ముందు 60 దాటించండి. మిగతావి రావని పరీక్షకు ఎగ్గొట్టొద్దు, దయచేసి! మూడూ రాస్తేనే ఎగ్జెంప్షన్.

లెక్కలన్నీ పాప లేవకముందే, తెల్లవారుజామున చేసేదాన్ని. జీఎస్టీ సెక్షన్ల చీటీ ఫ్రిజ్ తలుపు మీద ఉండేది. పప్పు కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు ఒకసారి చదివేదాన్ని. ఆదివారం ఇంట్లో ముందే చెప్పి, తలుపేసుకుని, మూడు గంటలు పాత పేపర్ మొత్తం రాయండి.